చేటలో పెట్టాల్సిన గాజులు

"ఇవేంటివి?"

నళిని గుడ్డసంచిని నట్టింట్లో బోర్లించింది. ఆకుపచ్చ గాజుముక్కలు గలగలమని బండల మీద చెల్లాచెదురయ్యాయి. ఒకటి దొర్లుకుంటూ పోయి బీరువా కిందికి దూరింది.

"అమ్మా, జరుగు. కాళ్ళకు గుచ్చుకుంటాయి," అంది అర్పిత.

"నా కాళ్ళ సంగతి మళ్ళీ చూద్దాం. ఇవేంటివి అంటుండా."

"నాటకానికి తీసుకుపోయిన గాజులు."

"అవి గాజులని నాకు చెప్తుండావా? పెండ్లయినప్పటి నుంచీ ఇదే అంగట్లో ఉండాను. వారానికి ఆరు డజన్లు, రెండు నెలలు. అన్ని గాజులు వేసుకునేది ఎవరే అంటే కోరస్‌లో పన్నెండు మంది ఉండారమ్మా అంటివి. ఆ పన్నెండు మంది ఇవేనా?"

అర్పిత చీపురు కోసం చూసింది. నళిని చీపురును కాలితో వెనక్కి నెట్టింది.

ఆదివారం మధ్యాహ్నం ఇంకా రెండు కాలేదు. మూడున్నరకు నాటకం. ముందుగదిలో అర్పిత తాత లింగన్న అప్పటికే ఇస్త్రీ పంచె కట్టుకుని, కండువా వేసుకుని, పెళ్ళికొడుకులా కూర్చుని ఉన్నాడు. ఎనభై నాలుగేళ్ళ మనిషి పొద్దున్నించి ముద్ద ముట్టలేదు. వేషం కట్టే రోజు తినకపోవడం ఆయనకు పాత అలవాటు. ఈరోజు వేషం కట్టేది వేరే పిల్ల అని చెప్పినా వినలేదు. నలభై ఏళ్ళకు పైగా పెట్టెలో పడి ఉన్న 'వీరసాని' నాటకాన్ని మనవరాలు దుమ్ము దులిపి స్టేజీ ఎక్కిస్తోంది. అంతకంటే ఆకలి తీర్చే కబురు ఆయనకు ఇంకేముంటుంది!

ఆ గాజులు ఏరిపెట్టింది కూడా ఆయనే. అదే నళిని కడుపును మండిస్తోంది. ప్రతి శనివారం అంగట్లో మెత్త మీద కూర్చుని, రెండేసి గాజులు తీసి ఒకదానికొకటి తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. మోత బొంగురుగా ఉంటే లోపల బీట ఉన్నట్లు. దాన్ని పక్కన పెట్టేవాడు. ఎందుకు మామా ఇంత శ్రమ అంటే, "వేషం కట్టే పిల్లకు చెయ్యి గీసుకుపోకూడదు కదమ్మా," అనేవాడు. అంత బాగా ఏరి ఇచ్చిన గాజులు ఇవి.

"స్టేజీ మీద పగులుతాయమ్మా," అంది అర్పిత చివరికి. "మూడో అంకంలో."

"పగులుతాయా, పగలగొడతారా?"

అర్పిత తల ఎత్తింది. "పగలగొడతారు."

బళేపేటలో గాజులంగడి వాళ్ళు గాజు పగలగొట్టరు. గిరాకీ చేతికి తొడిగేటప్పుడు పొరపాటున చిట్లితే, ఆ ముక్కను కళ్ళకద్దుకుని మూలనున్న కుండలో వేస్తారు. ఊడ్చి పారెయ్యరు. గాజుల వర్తకులందరూ కలిసి నాటక సమాజం పెట్టుకున్న రోజుల్లో కూడా ఇదే కట్టుబాటు. భర్త యుద్ధంలో చనిపోయాక వీరసాని గాజులు తీసే ఘట్టంలో, ఆ వేషం కట్టిన లింగన్న పద్యం పాడుతూ ఒక్కొక్క గాజే జారదీసి, చేటలో పోసిన పసుపు బియ్యం మీద పెట్టేవాడు. ఇరవై రెండేళ్ళలో ఒక్క గాజు చిట్లలేదు. ఈ కథ వినకుండా ఆ ఇంట్లో ఎవరూ పెరగలేదు.

"మీ తాతకు తెలుసా?"

"చూస్తాడు కదా."

"ఆ ముసలాయన గుండె ఆగిపోతాదే!"

"చూడాలమ్మా. అందుకే చేసినా."

నళిని కూతురి ముఖంలోకి చూసింది. హూడి ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఇరవై అయిదేళ్ళ పిల్లకు తాత మీద ఇంత పగ ఎక్కడిది? అడగాలనుకుంది. ఇంతలో ముందుగది నుంచి "నళినమ్మా, టైమైపోతాది," అని కేక వచ్చింది. ఆ మాట వింటే చాలు, ఆమెకు ఒళ్ళు జలదరిస్తుంది. ఎందుకో ఆమెకు తెలుసు గానీ, తలుచుకోదు.

"అవ్వను రెడీ కమ్మను," అంది నళిని ముక్కలు ఏరుతూ.

అవ్వ అంటే దొడ్డమ్మ, లింగన్న అన్న భార్య. వంటింటి గడపలో, నాలుగడుగుల దూరంలో కూర్చుని ఉంది. ఆ మాట ఆమెకూ వినబడింది. అయినా నళిని ఆమెతో నేరుగా మాట్లాడదు. ఎనిమిదేళ్ళయింది.

"నేను రాలేను, నన్ను వదిలెయ్యండి," అంది దొడ్డమ్మ.

"నువ్వు లేకపోతే నాటకమే లేదవ్వా," అని అర్పిత ఆమె చెయ్యి పట్టి లేపింది.

నళిని అంగడిని ఆనుకుని ఉన్న ఇంటి తలుపుకు తాళం వేసి తాళంచెవి సంచిలో వేసుకుంది. ఆ ఇంటికి ఉన్నది అదొక్కటే. రెండోది లింగన్న పోయినేడు ఎక్కడో పారేసుకున్నాడు.

*

హాలు చిన్నదే గానీ నిండింది. బొమ్మనహళ్ళి నుంచి వచ్చిన వాళ్ళు, హూడి ఆఫీసుల పిల్లలు, పేట వర్తకుల్లో ఇంకా మిగిలిన ముసలివాళ్ళు. ముందు వరసలో లింగన్న, ఆయన పక్కన నళిని, నళిని పక్కన దొడ్డమ్మ. ఎవరు కూర్చోబెట్టారో గానీ అలా పక్కపక్కన కూర్చోవడం నళినికి ముళ్ళ మీద కూర్చున్నట్లే ఉంది.

మొదటి రెండు అంకాలు కోపాన్ని కూడా మరిపించాయి. మమత అనే పిల్ల వీరసాని వేషం కట్టింది. పద్యం ఎత్తుకుంటే హాలు కిక్కురుమనలేదు. లింగన్న పెదవులు ప్రతి పద్యానికీ కదులుతూనే ఉన్నాయి. ఒకచోట మమత తడబడితే, ఈయన ఇక్కడి నుంచి అందించాడు. ఆ పిల్ల అందుకుంది. జనం చప్పట్లు కొట్టారు. నళినికి కళ్ళు చెమర్చాయి కూడా. మామ మీద ఆమెకున్న గౌరవం అలాంటిది. భర్త వెంకటేశ్ పోయాక, ఆడమనిషి అంగడేం నడుపుతుందని పేటంతా అంటుంటే, తాళాల గుత్తి ఆమె చేతిలో పెట్టి, "ఈమె నా కోడలు కాదప్పా, నా పెద్దకొడుకు," అన్న మనిషి ఆయన. ఇప్పటికీ అంగడికి ఎవరొచ్చినా ఆ మాట అనకుండా పంపడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె ఎనిమిదేళ్ళు నిలబడింది.

మూడో అంకం. కబురు వచ్చింది. వీరసాని కుప్పకూలింది. నలుగురు ఆడవాళ్ళు చుట్టూ చేరారు. లింగన్న కండువా సర్దుకుని ముందుకు వంగాడు. ఆయన పద్యం వచ్చేది ఇక్కడే.

పద్యం రాలేదు. చేట రాలేదు.

ఒకామె వీరసాని చెయ్యి బిగించి పట్టుకుంది. మమత గింజుకుంది. పద్యంలో కాదు, మామూలు మాటలో, పేటలో మాట్లాడే మాటలో అరిచింది.

"ఒక్క నిమిషం ఇవ్వండి! నేనే తీస్తా. గాజు తీసేది నాకు నేర్పొద్దండి. ఒక్క నిమిషం!"

రాయి పడింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. పచ్చటి ముక్కలు లైట్ల వెలుగులో ఎగిరి స్టేజీ అంచు దాకా వచ్చి పడ్డాయి.

నళిని కుడిచెయ్యి తనంతట తానే ఎడమ మణికట్టు మీదికి పోయింది. గడియారం పట్టీ కింద ఒక చిన్న మచ్చ ఉంది. రోజుకు ఎన్ని చేతులకు గాజులు తొడుగుతుందో లెక్కలేదు గానీ, ఆమె చేతికి ఎనిమిదేళ్ళుగా ఆ గడియారం ఒక్కటే.

ఆ మాట నాటకంలోది కాదు, ఆమెది. వెంకటేశ్ పోయిన పదోనాడు, బళేపేట ఇంటి వెనకగదిలో ఆమె అన్న మాట. ఇతరుల చేతుల నుంచి గాజులు నొప్పి తెలియకుండా జారదీసే మనిషి, తన చేతులవి తాను తీసుకుంటానని ఒక్క నిమిషం అడిగింది. ఇవ్వలేదు. దొడ్డమ్మ చెయ్యి పట్టుకుంది. పక్కింటి మారెమ్మ భుజాలు అదిమిపట్టింది. వంటింటి గుండ్రాయి దిగింది. ఆ రోజు గదిలో ఉన్నది ముగ్గురే. అర్పితను అంతకు ముందే వీధి చివరి ఇంటికి పంపేశారు. మారెమ్మ చనిపోయి ఐదేళ్ళయింది.

నళిని తల తిప్పి దొడ్డమ్మను చూసింది. చేసింది చాలక చెప్పుకున్నావా కూడా అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేసింది. ఎనిమిదేళ్ళు దాచుకున్న మౌనాన్ని ఇలాంటి మనిషి మీద ఖర్చు పెట్టడం ఆమెకు ఇష్టం లేకపోయింది. దొడ్డమ్మ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

లింగన్న వెనక్కి వాలిపోయాడు. ఆయన పెదవులు ఇంక కదల్లేదు.

*

నాటకం అయ్యాక ఎవరూ వెళ్ళొద్దనీ, నటీనటులతో ముఖాముఖి ఉందనీ మైకులో చెప్పారు. స్టేజీ మీద ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మమత, మిగతా పిల్లలు, అర్పిత వరసగా కూర్చున్నారు. లింగన్నను ఇద్దరు పట్టుకుని పైకి తీసుకెళ్ళి, శాలువా కప్పి మధ్య కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన కాళ్ళ దగ్గర గాజుముక్కలు ఇంకా అలాగే ఉన్నాయి. తెలుగు సంఘం కార్యదర్శి రాజగోపాల్ మైకు పట్టుకుని ఎంత మెచ్చుకోవాలో అంతా మెచ్చుకున్నాడు.

ప్రశ్నలు మొదలయ్యాయి. పద్యాలు ఎలా నేర్చుకున్నారు, ఎన్నాళ్ళు రిహార్సల్ చేశారు వగైరా. తర్వాత వెనక వరసలో ఒక అమ్మాయి లేచింది.

"గాజులు పగలగొట్టే సీన్ చాలా రియల్‌గా ఉంది. పాత నాటకంలో కూడా ఇలాగే ఉండేదా?"

"మా తాతనే అడగండి," అంది అర్పిత. మైకు ఆయన చేతిలో పెట్టింది.

లింగన్న గొంతు సవరించుకున్నాడు. "లేదప్పా. మేం గాజులోళ్ళం. గాజు పగలగొట్టడం మా ఇంటా వంటా లేదు. చేటలో పసుపు బియ్యం పోసి, దాని మీద ఒక్కొక్కటే..." చెయ్యి గాల్లో తిప్పి చూపించాడు. ముసలి చెయ్యి అయినా, ఆ తిప్పుడులో ఇంకా వీరసాని ఉంది. జనం చప్పట్లు కొట్టారు. "ఈ కాలం పిల్లలు వాళ్ళకు నచ్చినట్లు మార్చుకుండారు. బాగానే ఉండాది."

"ఆ మాట నేను రాసింది కాదు తాతా," అంది అర్పిత. "ఒక్క నిమిషం ఇవ్వండి అన్న మాట. అది నాకు చెప్పింది ఎవరు?"

లింగన్న మైకు కిందికి దించాడు.

"మా తాతే చెప్పినాడు," అంది అర్పిత జనం వైపు తిరిగి. "పాత స్క్రిప్ట్ కోసం మాట్లాడతా ఉంటే చెప్పి, ఏడ్చినాడు. ఫోన్‌లో రికార్డింగ్ ఉండాది. ఇది మా ఇంట్లో, మా అమ్మకు జరిగింది."

హాలంతా చప్పట్లు మోగాయి. ముందు వరసలో కూర్చున్న అమ్మ ఎవరో కొందరికి తెలుసు. వాళ్ళు ఆమె వైపు తిరిగి మరీ కొట్టారు.

నళిని లేచి నిలబడింది.

"ఆపండి," అంది. వినబడలేదు. "ఆపండప్పా మీ చప్పట్లు!"

ఆగాయి. రాజగోపాల్ గబగబా మైకు అందించబోయాడు. ఆమె తీసుకోలేదు. సంతలాంటి పేటలో ఎనిమిదేళ్ళు అంగడి నడిపిన గొంతు, దానికి మైకు అక్కర్లేదు.

"అర్పితా, నన్నడిగినావా?"

"అమ్మా, అడిగితే నువ్వు ఒప్పుకోవు."

"ఒప్పుకోను. అయితే?"

"ఎవరో ఒకరు చెప్పాల కదమ్మా. నువ్వు నోరెత్తవు. ఎనిమిదేండ్లుగా అవ్వతో మాట్లాడవు, కారణం చెప్పవు..."

"ఒప్పుకోనని తెలిసి అడగలేదు. ఆ పొద్దు వాళ్ళు కూడా అంతేనే! నేను ఒప్పుకోనని తెలిసే నన్నడగలేదు. వాళ్ళు మూసిన గదిలో చేసినారు. నువ్వు లైట్లు వేసి చేసినావు. వచ్చే వారం మళ్ళీ చేస్తావు. ఎన్నిసార్లే నా చేతులు పగలగొట్టేది?"

అర్పిత లేవబోయి మళ్ళీ కూర్చుంది. పక్కనున్న మమత తన మణికట్టుకు అంటించిన బ్యాండ్-ఎయిడ్‌ను చీర కుచ్చెళ్ళలో దాచుకుంది.

నళిని ఇంకా ఏదో అనబోయింది. అప్పుడు తట్టింది ఆమెకు. తాతే చెప్పాడంది. దొడ్డమ్మ కాదు. తాత.

"మామా," అంది.

లింగన్న శాలువా కొస పట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వు ఆ గదిలో లేవు. నా మాట నీకెట్లా తెలిసింది?"

"తలుపు అవతలుండినానమ్మా."

"వినబడిందా?"

"వినబడింది."

"మొత్తం వినబడిందా? నేను ఒక్క నిమిషం అడిగింది?"

"వినబడింది నళినమ్మా. కర్మ చేయించే అయ్యవారు టైమైపోతాది అంటుండె. వాకిలి నిండా జనం ఉండారు. నాకు... నాకు ఏమీ తోచలేదు."

"స్టేజీ మీద తోచె కదా నీకు! ఇరవై రెండేండ్లు తోచె. నాటకంలో మొగుడు చచ్చిన దానికి, రంగు పూసుకున్న చేతికి, పద్యం పాడుకుంటా ఒక్కొక్క గాజే చేటలో పెట్టే టైముండె నీకు. కన్నకొడుకు పెండ్లానికి లేకపోయెనా?"

రాజగోపాల్ గడియారం చూసుకుని, చూసుకున్నందుకు సిగ్గుపడి చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

కోపం కళ్ళను కమ్మేస్తుందంటారు. నళినికి ఆ క్షణంలో అన్నీ మరీ స్పష్టంగా కనబడ్డాయి. వెనకగది. మూసిన తలుపు. భుజాల మీద మారెమ్మ బరువు. మణికట్టు మీద దొడ్డమ్మ వేళ్ళు. ఆ వేళ్ళు ఆమెను ఒక్క క్షణం కూడా వదల్లేదు. అవి వదలనందుకే కదా ఇన్నేళ్ళు ఆ మనిషిని అసహ్యించుకున్నది. తలుపు ఒక్కసారి ఓరగా తెరుచుకుని మూసుకుంది. అప్పటిదాకా గదిలో రాయి లేదు.

"దొడ్డమ్మ నా చెయ్యి వదల్లేదు," అంది నెమ్మదిగా. "మారెమ్మ నన్ను వదల్లేదు. గుండ్రాయి వంటింట్లో ఉండె. అది గదిలోకి ఎట్లా వచ్చింది మామా?"

లింగన్న నోరు తెరిచాడు. ఇందాక మమత తడబడిన పద్యం కూడా అందించిన నోరు అది. ఇప్పుడు ఒక్క మాట రాలేదు.

"చెప్పు లింగన్నా," అంది పక్కనుంచి ఒక గొంతు. దొడ్డమ్మ కూర్చునే ఉంది. కళ్ళు తుడుచుకోవడం కూడా మానేసింది. "ఎనిమిదేండ్లు నా నెత్తిన వేసుకుని మోసినా. ఇంటి పెద్దోడివి, బిడ్డ నీ ముఖం చూసి బతుకుతుండాదని ఊరకుండినా. నేనూ పాపిష్టిదాన్నే, ఎత్తి కొట్టింది నేనే. కాదనను. కానీ తెచ్చి చేతికిచ్చింది ఎవరు? 'కానీ వదినా, టైమైపోతాది' అని నా చెవిలో అనింది ఎవరు?"

"నేనే," అన్నాడు లింగన్న.

మైకు ఒళ్ళో ఉంది. అయినా ఆ మాట చివరి వరస దాకా వినబడింది.

పెద్దకొడుకు అని పేటంతా చాటిన మాట నళిని చెవుల్లో గింగురుమంది. ఎన్నిసార్లు చెప్పాడు! రాయి ఇచ్చిన చేత్తోనే తాళాలు ఇచ్చాడు. ఆమె కళ్ళకద్దుకుని తీసుకుంది. మామ తనను నిలబెట్టాడని, దొడ్డమ్మ తనను కూల్చిందని ఎనిమిదేళ్ళు లెక్క తప్పకుండా ఒకరికి దండం పెట్టింది, ఒకరికి ముఖం చాటేసింది.

ఆమె వంగి సంచి తీసుకుంది.

"లెయ్యి దొడ్డమ్మా. ఇంటికి పోదాం."

ఎనిమిదేళ్ళకు నళిని నోట పిలుపు విన్న దొడ్డమ్మ వెంటనే లేవలేకపోయింది. నళిని చెయ్యి చాచింది. దొడ్డమ్మ ఆ చేతిని పట్టుకోవడానికి భయపడింది. ఒకప్పుడు తను బిగించి పట్టుకున్న మణికట్టే అది. నళినే ఆమె రెక్క పట్టి లేపింది. మన్నించి కాదు. మన్నించడమంటే ఏమిటో ఆలోచించే ఓపిక ఆమెకు ఆ పూట లేదు.

బయట ఇంకా చీకటి పడలేదు. ఆటో దొరికింది. దొడ్డమ్మను ఎక్కించి తను ఎక్కుతుంటే అర్పిత పరుగెత్తుకుంటూ వచ్చింది. చెప్పులు కూడా వేసుకోలేదు.

"అమ్మా, నేను చేసింది తప్పే. తర్వాత తిట్టు. తాత లోపల ఒక్కడే కూర్చుండాడు. ఎవరితోనూ మాట్లాడటం లేదు. పొద్దున్నించి ఏమీ తినలేదు కూడా. ఇంటికి తీసుకొస్తే తలుపు తీస్తావు కదా?"

నళిని సంచిలో తాళంచెవిని తడిమి చూసుకుంది.

"అంగడి మెట్ల మీద కూర్చోమను."

"ఎంతసేపమ్మా?"

"ఒక్క నిమిషం," అంది నళిని. "ఒక్క నిమిషమంటే ఎంతసేపో ఆయనకు తెలియాల."

ఆటో కదిలింది. తాళంచెవి మీద నుంచి ఆమె చెయ్యి తియ్యలేదు.